వించ్ ఎంపికలో బరువు లెక్క

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలై, ఆపై 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు దశలవారీగా పూర్తయ్యాక, దారిలో ఆగిపోయిన బండిని ఎక్కించుకుపోయే రికవరీ వాహనం ఆ ప్రాంతానికి నిత్యావసరమైంది. అందులో అసలు పని చేసేది వించ్, అంటే డ్రమ్ముకు తాడు చుట్టుకుంటూ బరువును లాగే యంత్రం. కొనేవారు ముందుగా చూసేది దాని పలక మీది లాగుడు సామర్థ్యాన్నే గాని, ఆ అంకె డ్రమ్ము మీద ఒకే వరస తాడు మిగిలినప్పటిది. వరస మీద వరస పడే కొద్దీ చుట్టు వ్యాసార్థం పెరిగి, వరసకు సుమారు పదో వంతు చొప్పున బలం తగ్గుతుంది.

లాగవలసిన బరువు కూడా బండి బరువు కాదు. రెండు టన్నుల కారు చక్రాలు తిరుగుతూ ఉంటే, పది డిగ్రీల వాలు ఎక్కించడానికి 400 కిలోల లాగుడు చాలు. అవే చక్రాలు బిగుసుకుపోతే రాపిడి తోడై ఒకటిన్నర టన్నుల దాకా కావాలి. 2020 అక్టోబరులో గగన్‌పహాడ్ దగ్గర అప్పా చెరువు తెగి, బెంగళూరు రహదారి మీది వాహనాలు కొట్టుకుపోయాయి. అటువంటి వరద తర్వాత ఇరుసు దాకా బురదలో దిగిన బండిని కదిలించాలంటే దాదాపు దాని బరువంత బలం పెట్టవలసి వస్తుంది.

విద్యుత్ వించ్ పూర్తి భారం మీద 12 వోల్టుల బ్యాటరీ నుంచి 400 ఆంపియర్ల వరకు గుంజుతుంది. అంతటి కరెంటును ఆల్టర్నేటర్ అందించలేదు కనుక బ్యాటరీ దిగిపోతుంది, మోటారు వేడెక్కి మధ్యమధ్య విశ్రాంతి కోరుతుంది. (వించ్ ధర దగ్గర గంటసేపు బేరమాడేవారు రెండో బ్యాటరీ ధరను ఎందుకో లెక్కలో వేయరు.) అయితే ఇంజను ఆగినా కాసేపు పనిచేస్తుంది కాబట్టి, ఎప్పుడో ఒకసారి తనను తాను బయటకు లాక్కోవలసిన జీపుకు అదే తగినది. హైడ్రాలిక్ వించ్‌కు పీటీవో, అంటే గేరుబాక్సు నుంచి ఇంజను శక్తిని ఆయిలు పంపుకు మళ్లించే అమరిక, సాధారణంగా కావాలి. ఖర్చు ఎక్కువే అయినా రోజంతా అలసట లేకుండా లాగుతుంది.

తాడును కప్పీ మీదుగా మడిచి లాగితే బలం రెట్టింపవుతుంది, డ్రమ్ము మీద వరసలూ తగ్గుతాయి. చిన్న వించ్‌తో సరిపెట్టుకోవచ్చుననిపించేది ఇక్కడే. కాని వేగం సగానికి పడిపోవడం వల్ల, వాహనాలు దూసుకుపోయే ఔటర్ అంచున పనివాడు నిలబడవలసిన సమయం రెండింతలవుతుంది కనుక, అక్కడ తిరిగే బండికి పెద్ద హైడ్రాలిక్ వించే కొనడం న్యాయం.