చెల్క పాఠం, రేగడి పాఠం

వికారాబాద్ జిల్లాలో చిన్నపిల్లల్ని ఆరుబయటికి తీసుకెళ్దామని ఏ బడి అనుకున్నా మొదట నోటికొచ్చే పేరు అనంతగిరి. తాండూరు ఎవరికీ తట్టదు. నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు, వాటి మధ్య కందిచేలు: ఇందులో ప్రకృతి ఎక్కడుందని అడుగుతారు. ఒకే రైలుమార్గం మీదున్న ఈ రెండు ఊళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే, కనీసం మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల వరకు, మన ఎంపిక తలకిందులుగా ఉందని నా గట్టి నమ్మకం.

అనంతగిరిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మూసీ పుట్టేది అక్కడే. హైదరాబాద్‌లో ముక్కు మూసుకుని దాటే నది ఇక్కడ చెట్ల కింద సన్నటి ధారగా మొదలవుతుందని తెలిస్తే పెద్దవాళ్లకే గుండె కలుక్కుమంటుంది. వానాకాలంలో ఎర్రటి మట్టిబాట, టేకు ఆకుల మీద చినుకుల చప్పుడు, అనంతపద్మనాభస్వామి గుడి దగ్గర కోతుల మందలు, చలి మొదలయ్యే వేళకు సీతాఫలాలు. కొండ ఎక్కిన పిల్లవాడి కళ్లు పెద్దవవుతాయి. అడవి వాణ్ని ఒక్కసారిగా చిన్నవాణ్ని చేస్తుంది. ఆ అనుభవం చేనులో దొరకదు.

అయితే ఆ పర్యటన నడిచే తీరు చూడండి. పొద్దున బస్సు, కొండ మీద వరస, ‘అది ముట్టకు, ఇది కోయకు’, వ్యూపాయింట్ దగ్గర గ్రూప్ ఫొటో, పులిహోర పొట్లాలు, తిరుగు ప్రయాణం. ఏడాదికి ఒక్క రోజు. ఏ చెట్టూ పిల్లవాడికి రెండోసారి ఎదురుపడదు. నిన్న మొగ్గగా ఉన్నది ఇవాళ పువ్వయిందని వాడు కనిపెట్టే వీలే లేదు. అడవిని చూపించాం, సరే. పరిచయం మాత్రం కాలేదు. చిన్నపిల్లలకు పరిచయం చేతులతో మొదలవుతుంది, మళ్లీ మళ్లీ వెళ్తేనే నిలుస్తుంది.

ఇప్పుడు తాండూరు నల్లరేగడిలోకి దిగుదాం. ఇక్కడి కందికి 2022 డిసెంబర్‌లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బడికి సంబంధించి నాకు అంతకంటే ముఖ్యమైన సంగతి ఈ పంట కాలం. జూన్‌లో బళ్లు తెరిచే రోజుల్లోనే తొలకరి, విత్తనం. అక్టోబర్ దాటేసరికి చేనంతా పసుపు పూత. సంక్రాంతి చుట్టుపక్కల కోత. అంటే ఒకటో తరగతి పిల్ల ఒక గింజ మొత్తం జీవితాన్ని, మొలక నుంచి పప్పు దాకా, తరగతి మారకముందే చూసేస్తుంది. అనంతగిరి టేకుచెట్టు ఎంత గొప్పదైనా ఈ పని చేయలేదు.

ఆగస్టులో నేల మెత్తగా ఉన్నప్పుడు ఒక లేత కందిమొక్కను వేళ్లతో సహా పెకలించి నీళ్లలో కడిగి పిల్లల ముందు పెట్టాలి. వేళ్లకు అక్కడక్కడా చిన్న బుడిపెలుంటాయి. ఒకదాన్ని గోటితో నొక్కితే లోపల లేత గులాబీ రంగు కనిపిస్తుంది. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించే సూక్ష్మజీవులు ఆ బుడిపెల్లోనే కాపురం ఉంటాయి. ఆరేళ్ల పిల్లకు నత్రజని అనే మాట అక్కర్లేదు. ‘మొక్కకు అన్నం వండిపెట్టేవాళ్లు ఈ ఇంట్లో ఉన్నారు’ అంటే చాలు, మిగతా వేళ్లన్నీ తనే వెతుక్కుంటుంది. బతుకమ్మ రోజుల్లో ఆ చేని గట్ల మీదే గునుగు కోసుకొస్తారు పిల్లలు. కలుపుమందు కొట్టిన చోట గునుగు ఎందుకు లేదో అప్పుడు వాళ్లే అడుగుతారు.

రాయి సంగతీ అంతే. పాలిషింగ్ యూనిట్ బయట పారేసిన నాపరాయి ముక్క అంచు చూస్తే పొరలు పొరలుగా ఉంటుంది. దాన్ని కాస్త పొడి చేసి నిమ్మరసం పిండితే సన్నగా బుడగలు లేస్తాయి. వికారాబాద్ వైపు ఎర్రమొరం పొడి మీద అదే రసం పిండితే ఉలుకూ పలుకూ ఉండదు. చేతికి మాత్రం జేగురు రంగు అంటుతుంది. ఒకప్పుడు తాండూరు దగ్గర సముద్రం ఉండేదని, దాని అడుగున పేరుకున్నదే ఈ బండ అని చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం ఉండదు. తాము రోజూ కూర్చునే అరుగు సముద్రపు అడుగని తెలిసిన పిల్లల ముఖాలు చూడాలి!

ఇలాంటి బడి తెలుగు పాఠకులకు కొత్త కాదు. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి రాసిన ‘రైలుబడి’లో కొబయాషి మాస్టారు ఒక మామూలు రైతును పిలిచి, ఈయనే మీ వ్యవసాయం టీచరు అని పిల్లలకు పరిచయం చేస్తాడు. పిల్లలు కలుపు తీస్తారు, విత్తుతారు. స్వీడన్‌లో గోస్టా ఫ్రోమ్ 1957లో స్కోగ్స్‌ములె అనే అడవి పాత్రను సృష్టించి, చిన్నపిల్లల్ని గుంపులుగా క్రమం తప్పకుండా అడవికి నడిపించే పద్ధతికి ప్రాణం పోశాడు. స్వీడన్ వాళ్లకు అడవి పెరటిదూరం కాబట్టి అడవిని ఎంచుకున్నారు. తాండూరు పిల్లలకు పెరటిదూరంలో ఉన్నది కందిచేను. మనం తీసుకోవలసింది వాళ్ల క్రమాన్ని.

తాండూరు లోపాలను దాచి ఈ వాదన నిలబెట్టను. దుమ్ము నిజం. నీళ్లు నిండిన పాత గనిగుంతల దగ్గరికి పిల్లల్ని పోనివ్వకూడదు. పూతకాలంలో కాయతొలుచు పురుగుకు మందు కొట్టిన రోజుల్లో చేను వాళ్లకు మూసేసినట్టే. నీడ తక్కువ. అన్నిటికీ మించి, మనిషి నాటనిది ఏదీ అక్కడ పెద్దగా లేదు. ఎవరూ విత్తకుండా, ఎవరికోసమూ కాకుండా పెరిగే ప్రాణం ఒకటుందని పిల్లలు తెలుసుకోవాలంటే అనంతగిరి అడవే దిక్కు. ఇదే జిల్లాలో పూడూరు మండలం దామగుండం అడవిలో సుమారు 2,900 ఎకరాలు నౌకాదళ వీఎల్‌ఎఫ్ రేడియో కేంద్రానికి పోయాయి, 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన కూడా జరిగింది. మిగిలిన అడవిని ఎరిగిన తరం ఒకటి మనకు కావాలి. అందుకే కొండ వద్దనను. కందిచేనులో రెండు నెలలు చేతులు నలిగిన తర్వాత కొండ ఎక్కమంటాను. అప్పుడు పిల్లలు చూడటానికి కాక వెతకడానికి వెళ్తారు; అడవిలో ఏ మొక్క వేళ్లకు బుడిపెలుంటాయని, ఏ రాయి నిమ్మరసానికి బుడగలు వదులుతుందని.

దీనికి కావలసింది బడికి నడకదూరంలో ఒక చేను, వారానికి ఒక పూట, ఒప్పుకునే ఒక రైతు. పిల్లల తొక్కుడుకు పోయే రెండు సాళ్ల పంటకు ఆయనకు బడి డబ్బు కట్టాలి. అనంతగిరి బస్సు కిరాయి కంటే అది తక్కువే అవుతుంది.