సున్నాలు, సూదులు, సద్దుల బతుకమ్మ

వానలు తెరిపిచ్చి తంగేడు పూత మొదలయ్యేసరికి హన్మకొండ, వరంగల్ గల్లీల్లో రెండు రకాల ఇళ్లే కనిపిస్తాయి: రంగులు వేయించుకున్నవి, వేయించుకోబోయేవి. వెనకటికి ఇదంతా ఇంటివాళ్ల పనే. సున్నం నానబెట్టి, కాస్త నీలిమందు కలిపి, కుంచె పట్టుకుని వాళ్లే కొట్టుకునేవాళ్లు. గడపకు పసుపు, అరుగుకు ఎర్రమన్ను. అంతటితో పండుగకు ఇల్లు తయారు. ఇప్పుడు సున్నం జాగాలో పుట్టీ, ప్రైమర్, దాని మీద రెండు కోట్ల ఎమల్షన్ వచ్చాయి. పెయింటర్ గోడను వేలితో కొట్టి చూసి "చెమ్మ పట్టింది మేడం, ప్లాస్టరింగ్ చెక్కాలె" అంటాడు. చెక్కడానికి వచ్చిన మేస్త్రి వంటింట్లోకి తొంగిచూసి "గట్టు గింత కిందికుంటే నడుం పట్టదా అమ్మా?" అని పరామర్శిస్తాడు. ఆ పరామర్శ ఖరీదు పండుగ బడ్జెట్ మొత్తం.

ఈ ఏడు మా ఇంటికి అదే పరామర్శ వచ్చింది. వంటింటి గట్టు లేచింది. దాని వెంట నేల మీది షాబాదు బండలూ లేచాయి. నలభై ఏళ్లుగా కాళ్ల కింద నల్లగా, చల్లగా పడి ఉన్న బండలు గోడకు నిలబెడితే వాటి అడుగు భాగం రాయిలాగే గరుకుగా, బూడిదరంగులో ఉంది. పైవైపు నునుపంతా మా అత్తమ్మ తడిగుడ్డదే. అదే సమయానికి నా సూదుల మీద ఒక చంటివాడి స్వెటర్ సగంలో ఉంది. బతుకమ్మకు ఆడబిడ్డలకు పెట్టాల్సినవాటి జాబితా ఫ్రిజ్‌కు అంటించి ఉంది.

ఈ మూడింటికీ డబ్బు ఎలాగో సర్దుకుంటాం. ఒకదానికి చిట్టీ ఎత్తుతాం, ఇంకోదానికి బ్యాంకులో బంగారం పెడతాం. సర్దుబాటు కానిది తీరిక. మేస్త్రికి చాయ్ పెట్టడం, టైల్స్ షాపుకు పోవడం, చీరల షాపుకు పోవడం, అల్లడం, అన్నీ ఒకే మనిషి ఒకే మధ్యాహ్నంలోంచి తీయాలి. ఆ మనిషి ఎవరో విడిగా చెప్పక్కర్లేదు. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు, నైవేద్యం పెట్టరు. దేవతకు కూడా మధ్యలో ఒక సెలవు ఉంది. ఆమెను పేర్చే ఆడవాళ్లు ఆ రోజు మిగిలిన పనంతా చేసుకుంటారు.

ఎండాకాలంలో నలభై అయిదు డిగ్రీలు కాసే ఊళ్లో స్వెటరేమిటని చాలామంది నవ్వుతారు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున భద్రకాళి చెరువు గట్టు మీద నడిచినవాళ్లు నవ్వరు. పైగా మాది కాజీపేట జంక్షన్ పక్కన ఉన్న ఊరు. రైల్వే క్వార్టర్లలోకి దేశం నలుమూలల నుంచి కుటుంబాలు వచ్చేవి. ఎండలో నులక మంచం వేసుకుని మాటల్లో పడి, సూదుల వైపు చూడకుండానే అల్లేసే ఉత్తరాది ఆంటీల దగ్గర మా తరం నేర్చుకుంది. అందుకే ఇప్పటికీ నా నోట కుట్టు పేర్లు సీదా, ఉల్టా అనే వస్తాయి. బడిలో కుట్లు అల్లికల పీరియడ్ ఉండేది, ఆడవాళ్ల పత్రికల్లో దానికో పేజీ ఉండేది. గుమ్మానికి ఊలు తోరణం, రేడియో మీద క్రోషే గుడ్డ, తర్వాత టీవీ మీద అదే గుడ్డ. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు మొదట చూపించేది వాటినే.

మనకు మన ఊలు లేక కాదు. దక్కనీ గొర్రె బొచ్చును ఆడవాళ్లు వడికితే, మగవాళ్లు గుంత మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టించి చేసే గొంగడి ఈ నేలదే. కానీ చంటిపిల్లల ఒంటికి అది గుచ్చుకుంటుంది. ఇక్కడి షాపుల్లో ఊలు పేరుతో దొరికే ఉండల్లో ఎక్కువ శాతం లూధియానా నుంచి వచ్చే అక్రిలిక్. దాన్ని చిన్నచూపు చూసేవాళ్లున్నారు, నేను చూడను. గొర్రె ఊలును వేడినీళ్లలో వేసి రుద్దితే ముడుచుకుపోతుంది. అక్రిలిక్ రోజూ ఉతికినా తట్టుకుంటుంది. రోజుకు నాలుగుసార్లు పాలు కక్కే పిల్లాడికి ఏది నయమో తల్లులకు తెలుసు.

నా సూదుల మీద అప్పుడున్న స్వెటర్ డల్లాస్‌లో ఉన్న మా అక్క మనవడి కోసం ఎత్తుకున్నది. అంచుకు పన్నెండో నంబరు సూదులు, ఒంటికి పదో నంబరు. మన దగ్గర నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, కొత్తవాళ్లు ఇక్కడే తికమకపడతారు. చంటిపిల్లల స్వెటర్ ఎప్పుడూ ముందుభాగం తెరిచి, గుండీ పట్టీ పెట్టి అల్లాలి. మెడ నిలవని బిడ్డకు తల మీదుగా తొడిగేది ఎంత అందంగా ఉన్నా, తల్లి దాన్ని రెండోసారి ముట్టదు. గుండీలు కూడా చిన్నవి, చదునువి, గట్టిగా కుట్టినవి ఉండాలి, పిల్లల చేతికి దొరికిందల్లా నోట్లోకే కాబట్టి. వెనక భాగం, రెండు ముందు భాగాలు, రెండు చేతులు విడివిడిగా అల్లి చివర కలిపి కుడతాను. ఇలా ముక్కలుగా చేసేది ఇల్లు రిపేరులో ఉన్నప్పుడు మహా ఉపకారం. చెయ్యి ఒక్కటే అయితే చీర కొంగులో పట్టేస్తుంది, మేస్త్రి పిలిస్తే వరుస పూర్తి చేసి లేవచ్చు.

ఇల్లు తవ్వుతున్నప్పుడు లెక్క పెట్టాల్సిన డిజైన్ జోలికి పోకూడదు. ఆకుల డిజైన్, జాలీ డిజైన్ ఎత్తుకుంటే, "అమ్మా, స్విచ్చు బోర్డు యాడ పెట్టాలె?" అన్న ఒక్క ప్రశ్నకు నాలుగు వరుసలు విప్పాల్సి వస్తుంది. అన్నీ సీదాలే ఉన్న సాదా అల్లిక చాలు. తెల్ల ఊలు అసలే వద్దు. టైల్స్ కోసే మిషన్ తిరిగితే లేచే దుమ్ము పిండిలా సన్నగా ఉంటుంది, తలుపులు మూసిన అర్రలోకి కూడా వస్తుంది. ఊలులో చేరిందంటే దులిపినా పోదు. నా ఉండలన్నీ మూత బిగిసే స్టీలు బియ్యం డబ్బాలోకి పోయాయి. బియ్యం ఎక్కడ పెట్టారని మా ఆయన రెండు పూటలు వెతికాడు.

లెక్కల దగ్గరికి వద్దాం. మేస్త్రికి రోజు కూలి ఉంది, మాలు మోసే ఆమెకు దానిలో సగం పైచిలుకు ఉంది. పెయింటర్‌కు అడుగుల లెక్క. చీరకు చీటీ మీద ధర. ఆడబిడ్డలకు పెట్టే చీరలకైతే ఇంకో లెక్క కూడా ఉంది: పోయిన ఏడు వాళ్లు మనకు ఎంతది పెట్టారు, తోటికోడలు ఎంతది పెట్టింది. చేత్తో అల్లిన స్వెటర్‌కు మాత్రం ఏ లెక్కా లేదు. "ఖాళీగా ఉన్నప్పుడు అల్లింది" అంటారు. మెచ్చుకోలు అనుకునే అంటారు.

ఈ మాట మీద ఒక పుస్తకమే ఉంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో పశ్చిమ గోదావరిలోని నర్సాపురం ప్రాంతానికి వచ్చి లేసు అల్లే ఆడవాళ్ల మధ్య తిరిగింది. 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అచ్చయింది. అక్కడి క్రోషే లేసు 1844లో స్కాట్లండ్ మిషనరీ దంపతులు మెక్రేలు నేర్పించిందని చెబుతారు. దారం ఏజెంటు తెస్తాడు. ఒక ఇంట్లో పువ్వులు అల్లుతారు, ఇంకో ఇంట్లో వాటిని కలుపుతూ అతుకుపని చేస్తారు, సరుకు సముద్రాలు దాటి పోతుంది. గడప దాటని ఆడవాళ్లు ఇంటిపని అంతా చేసుకుని, దాని మీద రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లేవాళ్లు. వచ్చేది రోజుకు రూపాయి కూడా కాదు. అడిగితే వాళ్లు గృహిణులు, ఇది తీరిక వేళ పని అనే జవాబు. ఎగుమతి చేసేవాళ్లకు డాబాలు లేచాయి. ప్రపంచ మార్కెట్ కోసం పనిచేసే మనిషిని శ్రామికురాలిగా లెక్కించకపోవడంలోనే లాభమంతా ఉందని మీస్ తేల్చింది. నలభై ఏళ్ల తర్వాత, 2024లో, నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరుకు రక్షణ దొరికింది, మంచిదే. అల్లే చేతికి గంటకు ఎంత అన్నది ఇప్పటికీ అడగాల్సిన ప్రశ్నే.

నాది ఆ కష్టం కాదు, నేను కూలికి అల్లడం లేదు. అయినా ఆ పుస్తకం చదివాక పండుగ కానుకల విషయంలో నాకో మొండితనం వచ్చింది. చేత్తో అల్లింది ఏటా ఒకరికో ఇద్దరికో, నిజంగా తొడుక్కునేవాళ్లకే ఇస్తాను. "నాకూ ఒకటి అల్లరాదూ, నీకెట్లాగూ పొద్దుపోదు కదా" అన్నవాళ్లకు అల్లను. మిగిలినవాళ్లకు, ఎవరి చేతిపనో డబ్బిచ్చి కొని ఇస్తాను, అదీ బేరమాడకుండా. కొన్నవాడికీ పుచ్చుకున్నవాడికీ మధ్య ఉన్న మూడో మనిషికి కూలి గిట్టాలి. 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరలు పంచడం మొదలుపెట్టినప్పుడు నాణ్యత మీద బోలెడు విమర్శలొచ్చాయి, కొన్ని సరైనవే. కానీ ఆ తర్వాతి ఏళ్లలో కోటి చీరల ఆర్డరుతో సిరిసిల్ల మరమగ్గాలకు నెలల తరబడి పని దొరికింది. ఆ కానుకలో నాకు నచ్చిన భాగం అదే.

అలా కొనడానికి మా ఊళ్లో దూరం పోనక్కర్లేదు, జంఖానాలు నేసే కొత్తవాడ ఉంది. 1851 లండన్ గ్రేట్ ఎగ్జిబిషన్‌లో వరంగల్ తివాచీలు ప్రదర్శనకు పెట్టారు. 1886 నాటి మా సెంట్రల్ జైల్లో ఖైదీలు నేసిన జంఖానాలు, తివాచీలకు మంచి గిరాకీ ఉండేది. 2021లో జైలును ఖాళీ చేయించి, ఆసుపత్రి కోసం కూలగొట్టారు. కొత్తవాడ మగ్గాలు మాత్రం ఇంకా ఆడుతున్నాయి. వరంగల్ జంఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒకప్పుడు ఏ పెళ్లయినా, ఏ సభయినా మనుషులు కూర్చునేది వాటి మీదే. ప్లాస్టిక్ కుర్చీ వచ్చి ఆ గిరాకీ తన్నుకుపోయింది. నేల మీద కూర్చునే అలవాటే పోతుంటే నేలమీద పరిచేదాన్ని ఎవరు కొంటారు? టైల్స్ వేయించుకున్న ఇంటివాళ్లే కొనాలి. నున్నటి విట్రిఫైడ్ టైల్ మీద చలికాలం పొద్దున కాలు పెడితే తెలుస్తుంది దేనికో.

కొత్తవాడలో ఒకాయన మగ్గం దగ్గర కాసేపు నిలబడ్డాను. ఇంటర్‌లాక్ జంఖానా అది. రంగు మారిన ప్రతిచోటా పక్క రంగు పోగుతో మెలిక వేసి వెనక్కి తిప్పాలి, లేకపోతే రెండు రంగుల మధ్య సందు పడుతుంది. ఎరుపు ఉండ ఒకవైపు, నలుపు ఇంకోవైపు, ఆయన వేళ్లు ఆ రెంటినీ ముడేస్తూ పోతున్నాయి. నేను రంగులు మార్చేటప్పుడు స్వెటర్ వెనకవైపు చేసేదీ అదే మెలిక. ఆ మాట చెబితే ఆయన తల ఎత్తకుండానే, "మీరైతే యాష్టకొస్తే పక్కకు పెడ్తరు గదమ్మా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ముగ్గురు ఆడబిడ్డలకు మూడు జంఖానాలు చెప్పాను, ఆయన అడిగిన ధరకే. ఆ డబ్బు మాడ్యులర్ కిచెన్ అరల్లోంచి తీశాను. అరలకు గాజు తలుపులు లేకపోయినా పప్పు డబ్బాలు నిలబడతాయి.

పెద్ద వదిన సంచీ విప్పి చూసి, మళ్లీ సంచీలోకి చూసి, "చీరె లేదా?" అని అడిగింది. లేదన్నాను. "బతుకమ్మకు జంఖానా పెట్టుడు ఎన్నడన్న ఉన్నదా?" అంది. లేదు, నిజమే. ఇంటికి పోయాక హాల్లో పరిచి ఫోటో పంపింది, కింద ఏమీ రాయకుండా. డల్లాస్ వాళ్లకు నర్సాపురం లేసు టేబుల్ గుడ్డ కొని పంపించాం. స్వెటర్ ఏదని మా అక్క అడిగింది. వాళ్లింట్లో ఏడాది పొడుగునా ఒకటే వాతావరణం, పిల్లాడు చొక్కాలేకుండా పాకుతున్న వీడియోలు చూస్తూనే ఉన్నాం కదా అన్నాను.

ఎందుకంటే స్వెటర్ అప్పటికే ఇంకొకరిదైపోయింది. మాలు మోసే ఆమె మా మేస్త్రి భార్యే. చంటివాణ్ని మా వరండాలో పాత చీరతో కట్టిన ఊయలలో వేసి పనిచేసేది. వాడి వయసుకు స్వెటర్ సరిగ్గా సరిపోతుంది. వాళ్ల బస సగం లేచిన ఇళ్లలోనే, కిటికీలకు రెక్కలుండవు. సద్దుల బతుకమ్మ ముందురోజు పని ఆపేటప్పుడు ఆమె చేతిలో పెట్టాను. గుండీలు విప్పి లోపలి వైపు కుట్లు చూసింది. పనితనం తెలిసినవాళ్లు ముందు వెనకవైపే చూస్తారు.

"గిదొక్కటి అల్లనీకి ఎన్ని దినాలు పట్టిందమ్మా?"

ఎవరూ అడగని ప్రశ్న. ఇంటిపని మధ్యలో కాబట్టి కచ్చితంగా చెప్పలేను గానీ, ఆపకుండా చేస్తే వారం పైనే పడుతుందన్నాను. పెదవులు కదుపుతూ లెక్క వేసుకుంది. తన కూలిని వారంతో గుణించుకుందని అర్థమైంది.

"గంత పైసలా!" అంది. స్వెటర్ మడిచి కొంగులో పెట్టుకుంది. రెండడుగులు వేసి ఆగి వెనక్కి తిరిగింది.

"మరి గిది పోరనికి గదా. మా దసరా ఇనాం?"

ఇద్దరికీ చెరొకటి ఇచ్చాను. స్కర్టింగ్ పని ఇంకా మిగిలే ఉంది. అది దీపావళి దాటినంకనే అని మేస్త్రి బండి మీద నుంచే కేకేసి చెప్పాడు.