తెరుచుకునే కత్తెర

కత్తెర సొగసు మూసుకోవడంలో ఉందంటారు, ఆ చప్పుడు విని. మేక గిట్టల కత్తెర చేతబట్టినవాళ్లు మాత్రం అది తెరుచుకునే తీరుకే ముగ్ధులవుతారు. ఈ పనికి మిగిలేది ఒక్క చెయ్యే మరి. రెండోది మేక కాలిని వెనక్కి మడిచి పట్టుకుని ఉంటుంది. మేకేమో కుదురుగా నిలబడే జీవం కాదు. పట్టు సడలించగానే స్ప్రింగు బ్లేడ్లను విడదీయాలి. వేళ్లు ఎంత వదిలితే అంతే, ఎప్పుడు వదిలితే అప్పుడే. నాసిరకం స్ప్రింగు బిరుసుగా ఉండి నాలుగో మేక దగ్గరికే బొటనవేలి మొదలు లాగేస్తుంది, లేదా ఊడి గడ్డిలో పడుతుంది. మంచి స్ప్రింగు ఉన్నట్టే తెలియదు. కచేరీలో తంబురాను ఎవరు పొగిడారు గనక!

మేక గిట్ట రెండుగా చీలి ఉంటుంది. చుట్టూ గట్టి గోడ, లోపల మెత్తని అరికాలు, వెనక మడమ. గోడ మన గోరులాగే కెరాటిన్, పెరుగుతూనే ఉంటుంది. గుట్టల మీద, బండల మీద తిరిగి మేసే మేకకు అది రాళ్ల రాపిడికే అరిగిపోతుంది. అందుకే మేకల కాపరి భుజాన దోటి కొడవలి కనిపిస్తుంది గానీ ఇలాంటి కత్తెర కనిపించదు. ఇప్పుడు షెడ్లలో మంచెలు కట్టి, నిలబెట్టి మేపుతున్నాం. అరిగే దారి లేక గోడ అడుగువైపు మడత పడుతుంది. ఆ మడతలో పెంటికలు, బురద ఇరుక్కుని కుళ్లు మొదలవుతుంది. అలాంటి మేకలకు 6 నుంచి 8 వారాలకోసారి కత్తెర పడాల్సిందే.

ఇక్కడ మన అలంకారశాస్త్రం భలే అక్కరకొస్తుంది. 11వ శతాబ్దపు కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు కావ్యానికి ఔచిత్యమే ప్రాణమన్నాడు. మొలనూలు మెడకు, హారం నడుముకు చుట్టుకుంటే నవ్వుల పాలు కారా అని ఆయన వాదన. పూలమొక్కల కత్తెరతో మేక గిట్ట కోయబోతే వచ్చేది ఆ నవ్వే. గులాబీ కొమ్మ గుండ్రన. అది జారిపోకుండా ఒడిసిపట్టాలని ఆ కత్తెర దవడలు వంచుతారు. గిట్ట అడుగు చదును. చదునుకు వంపు ఆనిస్తే ఒకచోట లోతుగా తెగి, పక్కన మిట్ట మిగులుతుంది. అందుకని గిట్టల కత్తెర బ్లేడ్లు తిన్నగా ఉంటాయి, కొన సన్నబడి మడత కిందికి దూరుతుంది. ముందుగా మురికిని గీకి తీసేదీ ఆ కొనే. ఒక అంచుకు పళ్లు పెట్టినవీ ఉన్నాయి, గిట్ట వాటికి చిక్కి జారదు. నూరేటప్పుడు ఆ పళ్లే అడ్డం. చెయ్యి తిరిగినవాళ్లకు నున్నటి అంచే మేలని నా మొగ్గు.

ఇక రసఘట్టం. కొన మడత కింద చేరుతుంది, కరుక్కున మట్టిరంగు పెచ్చొకటి రాలుతుంది. దాని చోట కొత్త పొర బయటపడుతుంది, తెల్లగా, కాస్త తేమగా, ఒక్క గీటు లేకుండా. రెండో కోత ఇంకా పలచన. ఆ పెచ్చును ఎండకు పట్టి చూస్తే వెలుతురు ఇవతలికి రావాలి. అరికాలు లేత గులాబీ రంగు తిరగ్గానే చెయ్యి ఆగాలి, ఆ పైన నెత్తురే. ఆ అంచుదాకా తీసుకెళ్లి, అక్కడ ఆగనిచ్చేదే నా లెక్కలో అందమైన కత్తెర. మొద్దుబారింది ఆగనివ్వదు, నొక్కగా నొక్కగా ఒక్కసారిగా దిగుతుంది. పైన వెంట్రుకలు మొదలయ్యే గీతకు గిట్ట అడుగు సమాంతరంగా వచ్చాక మేక కాలు మోపే తీరు చూడాలి. వాన పడ్డ మర్నాడైతే గిట్ట నాని, పని మరింత సాఫీ.

ఇంగ్లండులోని షెఫీల్డులో 1730లో మొదలైన బర్గన్ అండ్ బాల్ గొర్రెల కత్తెరలకు పేరుమోసింది. వాళ్లు చేసే గిట్టల కత్తెరలో నగిషీ ఊసే లేదు, ఉన్నదంతా పనికొచ్చేదే. 1945లో స్విట్జర్లాండులో పుట్టిన ఫెల్కో తోట కత్తెరల్లో నాకు నచ్చేది మరొకటి: అరిగిన భాగం ఒక్కటే కొని మార్చుకోవచ్చు. వాటి ఎర్రటి పిడి షోకు కోసమని వెక్కిరించేవాళ్లు దాన్ని ఒకసారి గడ్డిలో పడేసి వెతికి చూడాలి. యాంగిల్ గ్రైండరుతో గిట్టలు అరగదీసేవాళ్లూ ఉన్నారు. వేగం ఉంది, కాదనను. ఆ మోతకు, వేడికి మేక బెదురు చూశాక రసం మాట ఎత్తబుద్ధి కాదు.

కొనేటప్పుడు రెండు బ్లేడ్లు కలిసే చోటు చూడండి. రివెట్ కొట్టినదైతే వదులైన రోజే దాని పని సరి. నట్టు ఉంటే కొంచెం బిగించగానే బ్లేడ్లు మళ్లీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. కార్బన్ ఉక్కు చక్కగా పదును పడుతుంది గానీ తుప్పుకు తొందరగా లొంగుతుంది. ఒక మేక కుళ్లు మరోదానికి అంటకుండా మధ్యమధ్య మందునీళ్లలో ముంచక తప్పదు కాబట్టి, పని అయ్యాక తుడిచి నూనె రాయాల్సిందే. ఇక పిడి. చాలా ఇళ్లలో మేకల్ని సాకేది ఆడవాళ్లు, దుకాణంలో బేరమాడేది మగవాళ్లు. కత్తెర పూర్తిగా విచ్చుకున్నప్పుడు ఆమె వేళ్లు రెండు పిడులనూ అందుకుంటాయో లేదో, డబ్బులిచ్చే ముందు ఆమె చేతికే ఇచ్చి చూడాలి.