సత్ప్రసాదం ఎవరికి ఆపుతారు?

అమెరికాలో ఎన్నికల చుట్టూ క్యాథలిక్ పీఠాధిపతులు సత్ప్రసాదం గురించి గొడవపడటం ఇరవయ్యేళ్లకు పైగా నడుస్తోంది. 2004లో జాన్ కెర్రీ డెమొక్రాటిక్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి నిలబడ్డాడు. క్యాథలిక్కే, కానీ గర్భస్రావం ఆడవాళ్ల హక్కు అన్నవాడు. సెయింట్ లూయీ అగ్రపీఠాధిపతి రేమండ్ బర్క్ ఆయనకి సత్ప్రసాదం ఇవ్వనన్నాడు. కొలరాడో స్ప్రింగ్స్ పీఠాధిపతి మైకేల్ షెరిడన్ ఇంకా ముందుకెళ్లాడు. అలాంటి అభ్యర్థులకి ఓటేసినవాళ్లు కూడా పాపసంకీర్తనం చేసుకునేదాకా సత్ప్రసాదానికి రాకూడదని లేఖ రాశాడు. 2022 మేలో శాన్‌ఫ్రాన్సిస్కో అగ్రపీఠాధిపతి కోర్డిలియోనే అప్పటి స్పీకరు నాన్సీ పెలోసీకి తన పీఠంలో సత్ప్రసాదం ఆపాడు. ఆమె జూన్ 29న రోముకెళ్లి, పోప్ ఫ్రాన్సిస్ ఉన్న పూజలోనే తీసుకుంది!

గర్భస్రావం మీద చర్చి సిద్ధాంతం ఒప్పా తప్పా అన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. ఏ పాపానికి బల్ల మూస్తారు, ఏ పాపానికి చూసీచూడనట్టు పోతారు అన్నదే ప్రశ్న. 1983 చర్చి చట్టంలో 915వ సూత్రం ఉంది. బాహాటంగా, మొండిగా ఘోరపాపంలో కొనసాగేవాళ్లకి సత్ప్రసాదం ఇవ్వకూడదని దాని సారాంశం. అందులో గర్భస్రావం ఊసు లేదు. మరి వరసక్రమం ఎక్కణ్ణుంచి వచ్చింది? 2004లో కార్డినల్ రాట్‌జింగర్ అమెరికా పీఠాధిపతులకి పంపిన లేఖ చూడాలి. యుద్ధం మీద, మరణశిక్ష మీద క్యాథలిక్కుల్లో అభిప్రాయభేదం ఉండొచ్చట; గర్భస్రావం మీద, కారుణ్యమరణం మీద ఉండకూడదట. పాపాలక్కూడా నిచ్చెనమెట్లు ఉన్నాయన్నమాట. (అదే లేఖ చివర, తగినంత బలమైన వేరే కారణాలుంటే అలాంటి అభ్యర్థికి ఓటెయ్యొచ్చని కూడా రాశాడు. షెరిడన్‌ లాంటివాళ్ల వాదన అక్కడే బలహీనపడుతుంది.)

ఈ నిచ్చెన మీద జాతివివక్ష ఎక్కడుంది? దీనికి న్యూఆర్లియన్స్ చరిత్ర చదవాలి. అక్కడి అగ్రపీఠాధిపతి జోసెఫ్ రమ్మెల్ 1953లో గుళ్లో నల్లవాళ్లకి వేరే బల్లలు, సత్ప్రసాదం దగ్గర వేరే వరస ఉండకూడదని లేఖ రాశాడు. అంటే అప్పటిదాకా క్రీస్తు శరీరాన్ని కూడా రంగుచూసి వరసగా పంచారనే కదా! 1955లో జెసూట్ బెండ్ అనే ఊళ్లో తెల్లవాళ్లు నల్లగురువుని పూజ చెయ్యనివ్వకపోతే ఆ గుడిలో పూజలు ఆపేశాడు. 1956లో జాతివేర్పాటు పాపమని ప్రకటించాడు. ప్రైవేటు బడుల్లో కూడా వేర్పాటు తప్పనిసరి చేసే బిల్లుకి లూసియానా శాసనసభలో ఓటేస్తే వెలి తప్పదని క్యాథలిక్ సభ్యుల్ని అక్కడి చర్చి పత్రిక హెచ్చరించింది. నైతిక విషయం మీద వేసే ఓటుకీ సత్ప్రసాదానికీ ముడిపెట్టడం కెర్రీతో మొదలవలేదు.

1962 ఏప్రిల్‌లో, క్యాథలిక్ బడుల్లోకి నల్లపిల్లల్ని రానివ్వాలన్న ఆదేశాన్ని ఎదిరించిన ముగ్గుర్ని రమ్మెల్ వెలివేశాడు. వాళ్లలో లియాండర్ పెరెజ్ ఆ ప్రాంతాన్ని గుప్పిట్లో పెట్టుకున్న దొర. ఈ ఉదాహరణని ఇవాళ బర్క్ పక్షం వాళ్లు తమకి అనుకూలంగా చూపిస్తారు. గుడి రాజకీయాల్లో వేలు పెట్టకూడదనే ఉదారవాదులు కూడా రమ్మెల్ పేరెత్తగానే గర్వపడతారు. ఇద్దరూ దాటేసే సంగతి ఒకటుంది. ఆ ముగ్గురి మీద మోపిన నేరం నల్లవాళ్లని అవమానించడం కాదు. అగ్రపీఠాధిపతి అధికారాన్ని ధిక్కరించమని జనాన్ని రెచ్చగొట్టడం. జాతివివక్ష పాపమని రాసుకున్నా, వెలి పడింది మాత్రం అవిధేయతకి. పెరెజ్ తర్వాత చర్చితో రాజీపడ్డాడు. 1969లో చనిపోయినప్పుడు క్యాథలిక్ పూజతోనే సాగనంపారు.

మన దగ్గర? తిరునెల్వేలి ప్రాంతంలోని వడక్కన్‌కుళం గుళ్లో కులాల్ని విడదీసిన గోడని 1910లో కూల్చారు. తిరుచిరాపల్లి మేలప్పుదూరు క్యాథలిక్ శ్మశానంలో గోడ మీద దళిత క్రైస్తవులు ఏళ్లతరబడి పోరాడారు. పోప్ జాన్ పాల్ 2003లో తమిళనాడు పీఠాధిపతులకి కులవివక్ష క్రైస్తవం కాదని చెప్పాడు. 2016లో భారత క్యాథలిక్ పీఠాధిపతుల సంఘం దళితుల సాధికారత విధానం ప్రకటించింది. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోని మొదటి దళిత కార్డినల్ అయ్యారు, సంతోషమే. కానీ గోడ కట్టినవాడి పాపం బాహాటం కాదా? తరతరాలు గోడని కాపాడుకోవడం మొండితనం కాదా? 915వ సూత్రంలో ఏ మాట అక్కడ సరిపోదు?

వెలి అంటే ఏమిటో మన పల్లెలకి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. చుండూరులో 1991 ఆగస్టు హత్యాకాండకి ముందు దళితుల్ని పనుల్లోంచి వెలివేశారు. అందుకే ఎవరి నోటి దగ్గర్నుంచి అయినా అప్పం లాగేయమని అడగడానికి నాకు చెయ్యి రాదు. అయితే ఆ ఆయుధం తమ చేతిలో ఉందని చెప్పుకునేవాళ్లు దాన్ని ఆడవాళ్ల గర్భం దగ్గరే ఎందుకు తీస్తున్నారో, శ్మశానం గోడ దగ్గర ఎందుకు ఒరలో పెడుతున్నారో చెప్పాల్సిందే. విచారణ సభల్లో మన కుర్రాళ్లు అడగాల్సింది ఇదే: ఆ సూత్రాన్ని ఒకసారి తెలుగులో, ఆదివారం పూజలో, అందరి ముందూ చదవండి. తర్వాత ఆ గుడి సమాధుల దొడ్డి ఎవరెవరికి ఎక్కడ కేటాయించారో కూడా చదవండి.