వెతికితే దొరకడం వెనుక

గూగుల్‌లో ఏదో వెతుకుతాం. మొదటి ఫలితంగా ఒక పెద్ద కంపెనీ పేజీ వస్తుంది. నొక్కుతాం, కావలసింది దొరుకుతుంది, మన పనిలో పడిపోతాం. లక్షల పేజీలున్న సైటులోంచి సరిగ్గా ఆ పేజీయే మన ముందుకు రావడానికి ఎవరో ఏళ్ల తరబడి పాటుపడ్డారని మనకు తోచదు. అలా పాటుపడిన మనిషి ఆ సైటు కోడ్‌లో ఒక్క లైను కూడా రాసి ఉండకపోవచ్చు. డిజైనర్లు ఆ మనిషి కింద పనిచేయరు. డెవలపర్లు ఆ మనిషి మాట వినితీరాలన్న రూలేమీ లేదు. బడ్జెట్ ఇంకెవరి చేతిలోనో ఉంటుంది. అయినా సైటు మొత్తాన్ని కదిలిస్తారు. పెద్ద సంస్థల లోపల కూర్చుని సెర్చ్ పనిని నడిపించేవాళ్లది ఈ కాలంలో పుట్టిన గొప్ప పనితనాల్లో ఒకటని నేను గట్టిగా నమ్ముతాను.

ఎస్‌ఈఓ (సెర్చ్‌లో పేజీలు పైకి వచ్చేలా చేసే పని) అనగానే చాలామందికి లింకులు అమ్ముకునేవాళ్లు, ‘వారంలో మొదటి పేజీ గ్యారంటీ’ అంటూ మెయిళ్లు పంపేవాళ్లు గుర్తొస్తారు. వాళ్ల సంగతి తరువాత చెబుతాను, కోపంగానే చెబుతాను. ముందు అసలు పనివాళ్ల గురించి.

పనిముట్ల చరిత్ర పెద్దదేమీ కాదు. పేజీలు చదవడానికి సెర్చ్ ఇంజిన్లు పంపే రోబోలు సైటులో ఎక్కడికి రావచ్చో, ఎక్కడికి రాకూడదో చెప్పే రోబోట్స్ ఫైలును 1994లో మార్టిన్ కోస్టర్ ప్రతిపాదించాడు. గూగుల్ పుట్టడానికి అప్పటికింకా నాలుగేళ్లుంది. 2005లో పేజీల జాబితా అందించే సైట్‌మ్యాప్‌లు, 2009లో ఒకేలాంటి పేజీల్లో అసలుది ఏదో చెప్పే కానానికల్ ట్యాగు, 2011లో పేజీలో ఉన్నదేమిటో యంత్రానికి తెలిపే స్కీమా వచ్చాయి. తొలిరోజుల్లో తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలతో కీవర్డులు కుక్కేవాళ్లని పాతవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. గూగుల్ లోపల ఉండి, సైటు యజమానులకు సెర్చ్ ఇంజిన్ ఏం చూస్తోందో చూపించే వెబ్‌మాస్టర్ సెంట్రల్‌ను తీర్చిదిద్దిన వెనెస్సా ఫాక్స్‌కు ఈ వృత్తి రుణపడి ఉంది. చరిత్ర ఇంతటితో చాలు.

చిన్న సైటులో పేజీని దిద్దుతారు, పెద్ద సైటులో టెంప్లేట్‌ను దిద్దాలి. లక్ష జతల చెప్పులు అమ్మే సైటులో లక్ష పేజీలనూ ఒక్కొక్కటిగా ఎవరు సరిచేయగలరు? అవన్నీ మూడు నాలుగు టెంప్లేట్ల నుంచి పుట్టినవే. టైటిల్‌లో బ్రాండు ముందుండాలా, మోడల్ ముందుండాలా? సరుకు అయిపోయిన పేజీ ఏం చూపాలి? ఒక వస్తువు పేజీ నుంచి ఏయే పేజీలకు లింకులు వెళ్లాలి? ఇలాంటి ఒక్క నిర్ణయం మారితే లక్ష పేజీలూ ఒకే రిలీజులో మారతాయి. తప్పు దొర్లినా అంతే వేగంగా పాకుతుంది.

పనివాడి నేర్పు బయటపడేది ఫిల్టర్ల దగ్గర. సైజులు 10, రంగులు 12, బ్రాండ్లు 8, ‘ధర తక్కువ నుంచి’, ‘కొత్తవి ముందు’ లాంటి వరసలు 5 అనుకుందాం. ఆ ఒక్క జాబితా నుంచే 4,800 చిరునామాలు పుడతాయి. సైటులో అలాంటి జాబితాలు వెయ్యి ఉంటే 48 లక్షలు. కలుపు పెరిగిన చేలో ఎరువంతా కలుపే తిన్నట్టు, గూగుల్ రోబో తన సమయమంతా ఈ చిరునామాల మధ్యే తిరుగుతూ గడిపేస్తుంది. నిన్న పెట్టిన కొత్త సరుకు పేజీ దాకా రానే రాదు. అలాగని అన్నిటికీ తలుపులు మూసేయడం చేతకానివాడి పని. చీరల సైటులో ‘ఎర్ర కంచిపట్టు చీరలు’ అని జనం నిజంగానే వెతుకుతారు, కాబట్టి ఆ ఫిల్టర్‌కు సొంత పేజీ, సొంత టైటిల్ ఉండాలి. చెప్పుల సైటులో ‘లేత బూడిద రంగు, 9వ సైజు, ధర తక్కువ నుంచి’ అని ఎవరూ వెతకరు. ఏది ఉంచాలి, దేన్ని కానానికల్‌తో పెద్ద పేజీకి ముడివేయాలి, దేనిలోకి రోబోను అసలు అడుగు పెట్టనివ్వకూడదు అన్నది జనం అడిగే మాటలు తెలిసినవాళ్లే తేల్చగలరు.

ఆ తేల్చడానికి సర్వర్ లాగ్‌లు చదవాలి. ఎన్ని రిపోర్టులు కొన్నా లాగ్‌లకు సాటి రావు. రోబో ఏ గంటకు వచ్చింది, ఏ పేజీ అడిగింది, సర్వర్ 200 (పేజీ ఉంది) ఇచ్చిందా, 404 (పేజీ లేదు) ఇచ్చిందా, 301 (పేజీ వేరే చోటికి మారింది) మీద 301గా నాలుగు చోట్లకు తిప్పిందా, అన్నీ అందులో ఉంటాయి. లాగ్‌లు చదవడం వచ్చినవాళ్లు మీటింగులో ‘నాకనిపిస్తోంది’ అనరు. ‘రోబో మన సైటులో సగం సమయం ఎవరికీ అక్కరలేని పేజీల్లో ఉంటోంది, ఇదిగో లెక్క’ అంటారు.

ఇంకో విద్యను బయటివాళ్లు విద్యగానే గుర్తించరు. అది డెవలపర్లకు పని అప్పగించే టికెట్ రాయడం. ‘పేజీల ఎస్‌ఈఓ మెరుగుపరచాలి’ అని రాసిన టికెట్ బ్యాక్‌లాగ్‌లో పడి అక్కడే ముసలిదైపోతుంది. చేయి తిరిగినవాళ్లు రాసే టికెట్‌లో ఏ టెంప్లేట్, ఇప్పుడు ఏం జరుగుతోంది, ఏం జరగాలి, పని అయిందని ఎలా పరీక్షించాలి, అవ్వకపోతే నెలకు ఎంత అమ్మకం పోతుంది, అన్నీ ఉంటాయి. డెవలపర్ దాన్ని చదివి మళ్లీ ఒక్క ప్రశ్న కూడా అడగనవసరం లేదు. అదే పనిని ప్రొడక్ట్ మేనేజర్‌కు ఇంకో భాషలో, ఫైనాన్స్ వాళ్లకు రూపాయల్లో, న్యాయవిభాగానికి రిస్కుల్లో చెప్పాలి. ఒక్క ప్రాజెక్టును రిలీజు దాకా చేర్చడానికి ఇన్ని తలుపులు తట్టాలి. తడుతూనే ఉంటారు, విసుగు లేకుండా.

ఈ పనికి గురువులెవరంటే నేను మొదట ఐబీఎం పేరే చెబుతాను. మైక్ మోరన్, బిల్ హంట్ కలిసి 2005లో ‘సెర్చ్ ఇంజిన్ మార్కెటింగ్, ఇన్‌కార్పొరేటెడ్’ అనే పుస్తకం రాశారు. మోరన్ ఐబీఎంలో డిస్టింగ్విష్డ్ ఇంజినీర్. పెద్ద కంపెనీలో సెర్చ్ అనేది ఒక డిపార్ట్‌మెంటు తలకెత్తుకునే పని కాదని, రచయితలు, డెవలపర్లు, దేశదేశాల మార్కెటింగ్ జట్లు రోజూ పాటించే పద్ధతిగా మారాలని వాళ్లు అప్పుడే చెప్పారు. ఆ తరువాత వచ్చిన సలహాదారులు ఎందరు ఎన్ని కొత్త పేర్లు పెట్టినా, ఈ మాటకు చేర్చినది కొంచెమే.

మార్షల్ సిమండ్స్ చేసింది ఇంకా కష్టం. ఎబౌట్ డాట్ కామ్ అనే సైటులో సెర్చ్ పనిలో చేయి తిరిగిన ఆయన, 2005లో న్యూయార్క్ టైమ్స్ సంస్థ 41 కోట్ల డాలర్లకు ఎబౌట్‌ను కొన్నప్పుడు ఆ శతాబ్దిన్నర పత్రిక గడప తొక్కాడు. శీర్షికలకు పేరుపడ్డ సంపాదకుల ముందు నిలబడి, వెతికే పాఠకుడు వాడే మాట శీర్షికలో ఉండాలని చెప్పాలంటే ఎంత నిబ్బరం కావాలి! ఆ పత్రిక తన వ్యాఖ్యాతల రచనలను, పాత సంచికలను టైమ్స్‌సెలెక్ట్ అనే డబ్బు గోడ వెనుక ఉంచేది. 2007 సెప్టెంబరులో ఆ గోడను తీసేసింది. సెర్చ్ ద్వారా వచ్చే పాఠకులు అంతగా పెరగడం అందుకు కారణమని సంస్థే చెప్పింది. 1987 నుంచి నాటి వరకు ఉన్న సంచికలు, 1851 నుంచి 1922 దాకా ఉన్న పాత సంచికలు అందరికీ తెరుచుకున్నాయి. సెర్చ్ మాటకు బోర్డురూములో విలువ వచ్చిందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

‘మీ పని వల్లే ట్రాఫిక్ పెరిగిందని రుజువేమిటి?’ అని అడిగేవాళ్లకు పింటరెస్ట్, ఎట్సీ ఇంజినీర్లు తిరుగులేని జవాబు ఇచ్చారు. మామూలు పరీక్షల్లో వాడుకరులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు పాత పేజీ, ఇంకో గుంపుకు కొత్త పేజీ చూపిస్తారు. గూగుల్ రోబోను రెండు చేయలేం కదా! అందుకని పేజీలనే గుంపులుగా విడదీశారు. కొన్ని వేల పేజీల్లో మార్పు చేసి, అలాంటివే ఇంకొన్ని వేల పేజీలను ముట్టుకోకుండా ఉంచి, రెంటికీ సెర్చ్ నుంచి వచ్చే జనాన్ని పోల్చారు. పింటరెస్ట్ ఈ పద్ధతిని 2015లో బయటపెట్టింది. ఎట్సీ టైటిల్‌ల మీద పరీక్షలు చేసి, చిన్న టైటిల్‌లే మెరుగ్గా పనిచేశాయని తేల్చింది. ఎన్ని కీవర్డులు కుక్కితే అంత మేలు అనుకుంటూ పదేళ్లు గడిపినవాళ్ల నోళ్లు మూతపడ్డాయి. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

అయితే అసలు పనితనం చూడాలంటే సైటు చిరునామా మారే రోజు చూడాలి. గార్డియన్ పత్రికకు అమెరికా, ఆస్ట్రేలియా ఎడిషన్లు వచ్చాక బ్రిటన్ చిరునామా ఇరుకైంది. 2013 జులైలో మొత్తం సైటును కొత్త డొమైన్‌కు తరలించారు. ఏళ్లుగా పోగైన వ్యాసాలు, ప్రపంచమంతటి నుంచి వాటికి వచ్చే లింకులు, ఒక్కటీ పోకుండా కొత్త చోటికి చేరాలి. వార్తాసంస్థ కాబట్టి ఒక్క గంట ఆగే వీలు కూడా లేదు. కంపెనీ కాకపోయినా బ్రిటిష్ ప్రభుత్వం చేసిన పనిని ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 2012 అక్టోబరులో డైరెక్ట్‌గవ్, బిజినెస్‌లింక్ అనే రెండు పెద్ద సైట్లను మూసి గవ్ డాట్ యూకే తెరిచినప్పుడు, పాత చిరునామాలకు ఒక్కొక్కదానికి గమ్యం రాసుకున్నారు. కొత్త పేజీ ఉంటే 301తో అక్కడికి పంపారు. లేకపోతే ‘ఈ పేజీ తీసేశాం’ అని నిజం చెప్పి, నేషనల్ ఆర్కైవ్స్‌లోని పాత ప్రతికి దారి చూపారు. ఆ దారులు పనిచేస్తున్నాయో లేదో తేల్చే పరీక్షలు కూడా రాసుకున్నారు. ఎవరో ఒక వృద్ధుడు ఏనాడో దాచుకున్న పింఛను పేజీ లింకు కూడా తెగకూడదన్న పట్టుదల అది.

ఇంత పనితనానికి మసి పూసినవాళ్ల గురించి ఇప్పుడు. 2006లో బీఎండబ్ల్యూ జర్మనీ సైటు రోబోకు ఒక పేజీ, మనిషికి ఇంకో పేజీ చూపించి, గూగుల్ ఇండెక్స్ నుంచే గెంటేయించుకుంది. 2011 ఫిబ్రవరిలో దుకాణాల సంస్థ జేసీపెన్నీ సంగతిని న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. సంబంధం లేని వందల సైట్లలో డబ్బు పెట్టి నాటిన వేల లింకుల వల్ల, పండగ సీజనంతా దుస్తుల నుంచి తివాచీల దాకా ఆ దుకాణమే ముందుంది. సామ్‌సొనైట్ పెట్టెల కోసం వెతికితే సామ్‌సొనైట్ కంటే పైన కనిపించింది! గూగుల్ చేయి పెట్టగానే ఆ మాటకు 1వ స్థానం నుంచి 71కి పడిపోయింది. 2012 జనవరిలో గూగుల్ తన సొంత క్రోమ్ పేజీని కూడా డబ్బు లింకుల తప్పు కిందే 60 రోజుల పాటు కిందికి నెట్టుకోవలసి వచ్చింది. ఇలాంటివి ఎక్కువగా బయటి ఏజెన్సీల చేతుల మీదుగా జరుగుతాయి. నేను లోపలివాళ్ల పక్షం, ఆ సంగతి దాచను. పరువు పోతే రేపు ఉదయం అదే ఆఫీసులో ముఖం చూపించాల్సినవాడు అడ్డదారి తొక్కడానికి పదిసార్లు ఆలోచిస్తాడు.

ఇప్పుడు నడుస్తున్న నకిలీ అంతకంటే హీనం. కృత్రిమ మేధతో రోజుకు వేల పేజీలు వండి, దాన్నే సెర్చ్ వ్యూహం అంటున్నారు. పేరున్న పత్రికల సైట్లలో ఓ మూల అద్దెకిచ్చి కూపన్ పేజీలు నింపుతున్నారు. 2024 మార్చిలో గూగుల్ ఈ రెంటినీ పేరు పెట్టి నిషేధించింది. అయినా ఆగలేదు. 2023లో టెక్ వార్తల సైటు సీనెట్ తన పాత వ్యాసాలను వేలల్లో తీసేసిందని తెలిసినప్పుడు, పాతదైనంత మాత్రాన పేజీ పనికిరానిది కాదని గూగుల్ ప్రతినిధి బహిరంగంగా చెప్పవలసి వచ్చింది. ఏళ్ల తరబడి విలేఖరులు రాసినదాన్ని ర్యాంకింగు ఆశతో చెత్తబుట్టలో వేయడం పనితనమా? హైదరాబాదు అమీర్‌పేటలో పోస్టర్లు చూడండి: నెల రోజుల కోర్సు, ఎస్‌ఈఓ ఎక్స్‌పర్టు. అక్కడ చేరే పిల్లల తప్పేమీ లేదు. లాగ్ ఫైలు ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా చూపకుండా, లింకులు నాటడం మాత్రం నేర్పి సర్టిఫికెట్ చేతిలో పెట్టేవాళ్ల మీదే నా కోపం.

ఇంకోవైపు, ఏఐ జవాబులొచ్చాయి కాబట్టి సెర్చ్ పని అయిపోయిందంటూ పెద్ద కంపెనీలే జట్లను తగ్గించుకుంటున్నాయి. కానీ 2024లో వచ్చిన గూగుల్ ఏఐ ఓవర్‌వ్యూలు ఆధారపడేది అదే ఇండెక్స్ మీద. రోబో చదవలేని పేజీ ఏ జవాబులోనూ ఉండదు. మంచి సెర్చ్ లీడ్ ఉన్న ఏడాది ఏ ప్రమాదమూ జరగదు. ప్రమాదం జరగలేదు కాబట్టి ఆ మనిషి అక్కరలేదని తేల్చేస్తారు. ఆరు నెలల తరువాత కొత్త డిజైను వస్తుంది. టెస్ట్ సైటులో పెట్టిన, ‘ఈ పేజీని సెర్చ్‌లో చూపవద్దు’ అని చెప్పే నోఇండెక్స్ లైను తీయడం మరిచిపోయి అలాగే లైవ్‌లోకి పంపుతారు. సైటంతా మాయమయ్యాక లక్షలు పోసి బయటి సలహాదారును పిలుస్తారు.

తెలుగువాళ్లకు ఈ నష్టం కొత్త కాదు. మన పెద్ద దినపత్రికలు ఏళ్ల తరబడి సొంత ఫాంట్లతో సైట్లు నడిపాయి. తెర మీద తెలుగు కనిపించేది, లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. గూగుల్‌కు అవి తెలుగే కావు. ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే ఎక్స్‌టెన్షన్ వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపేది, అదీ చదివేవాడి కంప్యూటరులోనే, సెర్చ్ ఇంజిన్‌కు కాదు. ఎన్నికలు, వరదలు, ఉద్యమాలు, సంపాదకీయాలు, ఇంతటి రాత వెతుకులాటకు దొరకకుండా ఉండిపోయింది.

అందుకే హైదరాబాదులో, విశాఖలో, విజయవాడలో పెద్ద సైట్లు నడిపే సంస్థలన్నిటికీ, ముఖ్యంగా పత్రికలకు నా విన్నపం ఒక్కటే. సైటు మార్చాలని అనుకున్న మొదటి మీటింగులోనే సెర్చ్ తెలిసిన మనిషికి కుర్చీ వేయండి. పాత చిరునామాల జాబితా తీయించండి. పాత చిరునామాలను కొత్తవాటికి కలిపే రీడైరెక్ట్ పట్టిక పూర్తయ్యేదాకా లాంచ్ తేదీ ప్రకటించకండి. లాంచ్ అయిన రాత్రి లాగ్‌లు చూసే పని ఆ మనిషికే అప్పగించండి, తప్పు కనిపిస్తే రిలీజును వెనక్కి తీసుకునే అధికారం కూడా ఇవ్వండి.