తీసివేతలో పనితనం

2018 డిసెంబరు 1 నుంచి అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో 26 కౌంటీల కార్లకు ఏటా చేయించే పొగ పరీక్ష అక్కర్లేకుండా పోయింది. ఆ రాష్ట్రంలో మొత్తం నూరు కౌంటీలు. అప్పటిదాకా 48 చోట్ల ఉన్న నియమం ఆ రోజుతో 22 చోట్లకు తగ్గింది. కారున్నవాళ్లకు కనబడింది గ్యారేజీ బిల్లులో తేడా ఒక్కటే. భద్రతా పరీక్ష, పొగ పరీక్ష కలిపి 30 డాలర్లయ్యే ఊళ్లలో ఇక భద్రతా పరీక్షకు 13 డాలర్ల 60 సెంట్లు ఇస్తే చాలు. ఈ 16 డాలర్ల 40 సెంట్ల తేడా వెనక ఎంత కాగితం పని జరిగిందో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. సర్కారు ఫైలును మెచ్చుకోవడమేమిటని అనిపించవచ్చు. ఉన్న నియమాన్ని ఎత్తేయమని ఎవరైనా కేకవేయగలరు. ఎత్తేస్తే ఏమవుతుందో ముందే లెక్కగట్టి, ఆ లెక్కను నలుగురి ముందు పెట్టి, అది నిలిచాకే ఎత్తేయడం వేరే విద్య. ఆ విద్య తెలిసినవాళ్లు చేసిన పని ఇది.

మనకు తెలిసిన పొల్యూషన్ సర్టిఫికెట్‌కు ఊరితో పని లేదు. ఆదిలాబాద్ అయినా అనంతపురం అయినా, బండి రిజిస్టరై ఏడాది దాటితే పెట్రోల్ బంకు పక్కన ఆగిన వ్యాను దగ్గరకు వెళ్లి సర్టిఫికెట్ తీసుకోవాల్సిందే. అమెరికాలో ఈ పరీక్ష ఎక్కడ ఉండాలన్నది ఆ చోటి గాలిని బట్టి తేలుతుంది. ఓజోన్ పరిమితి దాటిన నగరాలను క్లీన్ ఎయిర్ యాక్ట్ తీవ్రతను బట్టి తరగతులుగా విడదీసి, కొన్ని తరగతులకు వాహన పరీక్షను తప్పనిసరి చేసింది. మిగతా చోట్ల రాష్ట్రం ఇష్టం. నార్త్ కరోలినా 1982లో షార్లట్ నగరం ఉన్న మెక్లెన్‌బర్గ్ కౌంటీతో మొదలుపెట్టి, మెల్లగా తొమ్మిది కౌంటీలకు వెళ్లి, 1999లో చేసిన చట్టంతో 2006 నాటికి 48కి చేరింది. ఈ విస్తరణలో చాలా భాగం కేంద్రం అడగనిదే, రాష్ట్రం తనంతట తాను ఎత్తుకున్న బరువు.

మెలిక ఇక్కడే ఉంది. గాలిని ఎలా బాగుచేసుకుంటామో చెబుతూ ప్రతి రాష్ట్రమూ కేంద్ర పర్యావరణ సంస్థ ఈపీఏకి ఒక అమలు ప్రణాళిక రాసి ఇస్తుంది. అందులో చేర్చిన నియమం, రాష్ట్రం ఇష్టపడి పెట్టుకున్నదైనా సరే, ఆమోదం పడ్డాక కేంద్ర చట్టమంత బలం తెచ్చుకుంటుంది. రాష్ట్ర శాసనసభ ఒక్కటే ఓటు వేసి దాన్ని తీసేయలేదు.

తీసేసే దారిని క్లీన్ ఎయిర్ యాక్ట్ 110వ సెక్షన్‌లోని ఎల్ అనే ఉపవిభాగం చెబుతుంది. నేను మొదట మెచ్చుకునేది ఈ ఉపవిభాగాన్నే. ప్రణాళికలో చేసే మార్పు గాలి ప్రమాణాలను అందుకోవడానికి గానీ, ఆ దిశగా సాగాల్సిన పురోగతికి గానీ, చట్టంలోని మరే నిబంధనకు గానీ అడ్డుతగిలేటట్టయితే ఈపీఏ దాన్ని ఆమోదించకూడదని దాని సారాంశం. మార్పు వల్ల గాలి మెరుగుపడాలని అది కోరలేదు. ఉద్గారాలు ఒక్క పిసరు కూడా పెరగకూడదనీ అనలేదు. పూరింటి నిట్రాడు కదిపేవాడు పైకప్పు దేనిమీద ఆనుకుని ఉందో ముందు చూపించాలి, అంతే. కెంటకీ రాష్ట్రంలో వాహన పరీక్షలను పక్కకు తప్పించినప్పుడు ఈ ఉపవిభాగం అర్థం మీదే వ్యాజ్యం నడిచింది. మార్పు గాలిని చెడగొట్టదని తేలితే ఆమోదించవచ్చన్న ఈపీఏ అన్వయాన్ని 2006లో ఆరో సర్క్యూట్ అప్పీలు కోర్టు నిలబెట్టింది.

రెండో మెప్పు రాష్ట్ర శాసనసభ బిల్లు రాసినవాళ్లకు. 2017 మేలో గవర్నరు సంతకంతో చట్టమైన ఆ బిల్లు 26 కౌంటీలను జాబితా నుంచి కొట్టేసింది గానీ, ఎప్పటి నుంచి అన్నచోట తేదీని గట్టిగా బిగించలేదు. 2017 అక్టోబరు 1 ఒక తేదీ. ఈపీఏ ఆమోదం వచ్చిందని రాష్ట్ర పర్యావరణ కార్యదర్శి ధ్రువీకరించాక అరవై రోజులు గడిచి వచ్చే నెల మొదటి తారీఖు ఇంకొకటి. రెండింటిలో ఏది తర్వాత వస్తే అదే అమలు తేదీ. ఈపీఏ తుది ఆమోదం 2018 సెప్టెంబరు చివర్లో వచ్చింది. అరవై రోజులు లెక్కపెట్టుకుంటే నవంబరు చివరి వారం, ఆ వెంటనే డిసెంబరు 1. ఈ ఏర్పాటు వల్ల కేంద్ర చట్టం ఒకటి చెబుతుండగా రాష్ట్ర చట్టం మరొకటి చెప్పే రోజు ఒక్కటి కూడా రాలేదు. నెల మొదటి తారీఖునే ఎంచుకోవడం వల్ల గ్యారేజీల కంప్యూటర్లకూ, రిజిస్ట్రేషన్ రెన్యువల్ రికార్డులకూ ఒకే రోజు మార్పు చేస్తే సరిపోయింది. 2008 నుంచి అక్కడ అద్దం మీద స్టిక్కరు పద్ధతి పోయి, పరీక్ష ఫలితం నేరుగా రిజిస్ట్రేషన్ రికార్డులో పడుతోంది. కాబట్టి ఈ తేదీ పొందిక చిన్న విషయం కాదు.

ఇక అసలు లెక్క. పొగ పరీక్ష అంటున్నాం గానీ, ఇప్పుడక్కడ సైలెన్సర్‌లో గొట్టం పెట్టి చూసే పని లేదు. 1996 నుంచి వచ్చిన కార్లలో డ్యాష్‌బోర్డు కింద ఒక సాకెట్ ఉంటుంది. కారు కంప్యూటర్ తన ఆక్సిజన్ సెన్సర్లనూ క్యాటలిటిక్ కన్వర్టర్‌నూ తానే గమనించుకుంటూ, ఉద్గారాలు ప్రమాణానికి ఇంచుమించు ఒకటిన్నర రెట్లు దాటే లోపం కనబడితే చెక్ ఇంజిన్ లైటు వెలిగిస్తుంది. గ్యారేజీలో మెకానిక్ సాకెట్‌కు తీగ తగిలించి కారు జ్ఞాపకంలో ఉన్నదాన్ని చదువుతాడు. లైటు ఆర్పడానికి బ్యాటరీ వైరు పీకి పెట్టుకొచ్చినా లాభం లేదు, స్వీయ తనిఖీలు ఇంకా పూర్తి కాలేదని ఆ కంప్యూటరే చెప్పేస్తుంది.

ఇలాంటి పరీక్ష ఆపితే ఎంత పొగ పెరుగుతుందో కొలవడానికి ప్రయోగశాల లేదు. ఈపీఏ తయారుచేసిన మూవ్స్ అనే కంప్యూటర్ నమూనా ఉంది. ఇలాంటి ఫైలులో దాన్ని రెండుసార్లు నడుపుతారు. అవే రోడ్లు, అవే మైళ్లు, అవే వేగాలు, అదే జులై ఎండ, అదే తేమ, అదే పెట్రోలు, అవే వయసుల కార్లు. పరీక్ష ఒకసారి ఉన్నట్టు, ఒకసారి లేనట్టు. రెండు ఫలితాల తేడాయే పరీక్ష విలువ. వేసవి రోజుకు ఇన్ని టన్నులని కౌంటీ వారీగా పట్టికల్లో రాస్తారు. మిగతాదంతా కదలకుండా పట్టుకుని ఒక్క మీటను మాత్రమే మార్చడం చెప్పినంత తేలిక కాదు. కార్ల వయసు, తిరిగిన దూరం వంటి వాటిలో ఎక్కడ చేయి జారినా వచ్చిన తేడా పరీక్షదో, జారిన చేతిదో తెలియదు.

ఆ ఫైలులో నాకు బాగా నచ్చింది, ఉద్గారాలు పెరుగుతాయని దాచకపోవడం. నైట్రోజన్ ఆక్సైడ్లు, ఆవిరయ్యే కర్బన సమ్మేళనాలు, కార్బన్ మోనాక్సైడ్ పరీక్ష లేకపోతే కొంత పెరుగుతాయి. ఆ పెరుగుదలను ఒప్పుకున్నాకే వాదన మొదలవుతుంది. పెరిగినా ప్రమాణం ఎందుకు దాటదో చెప్పాలి. దీనికి ఆ నేల మీది చెట్లు అక్కరకొచ్చాయి. అమెరికా ఆగ్నేయ ప్రాంతమంతా ఓక్ అడవులు. వేసవి ఎండలో ఓక్ చెట్లు ఐసోప్రీన్ అనే కర్బన వాయువును కుప్పలుగా వదులుతాయి. ఓజోన్ పుట్టాలంటే ఎండతో పాటు కర్బన సమ్మేళనాలూ నైట్రోజన్ ఆక్సైడ్లూ కలవాలి. మొదటివి అడవే అపారంగా ఇస్తున్నప్పుడు కార్ల నుంచి వచ్చే కాస్త పెరుగుదలకు విలువ ఉండదు. ఓజోన్ ఎంత పుడుతుందో నైట్రోజన్ ఆక్సైడ్లే తేలుస్తాయి. వాటి విషయంలో కాలం రాష్ట్రం వైపే ఉంది. 2002లో అదే రాష్ట్రం చేసిన క్లీన్ స్మోక్‌స్టాక్స్ చట్టం బొగ్గు విద్యుత్ కేంద్రాల నైట్రోజన్ ఆక్సైడ్లను 2009 నాటికి నాలుగింట మూడు వంతులకు పైగా తగ్గించమంది. 2017 మోడల్ నుంచి కొత్త కార్లకు కేంద్రం పెట్టిన టియర్ 3 ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి, పెట్రోల్‌లో గంధకం సగటు పది లక్షల్లో పది పాళ్లకు దిగింది. పాత కారు తుక్కుకు వెళ్లి కొత్తది వచ్చిన ప్రతిసారీ పరీక్ష పట్టుకోవాల్సిన లోపం కొంత తగ్గుతూ వచ్చింది.

గాలి కొలమానాలూ అదే మాట చెప్పాయి. ఓజోన్ ప్రమాణం తేల్చే పద్ధతి కాస్త పట్టుగా ఉంటుంది. రోజులోని ఎనిమిది గంటల సగటుల్లో అత్యధికాన్ని తీసుకుంటారు. ఏడాది మొత్తంలో అలాంటి రోజుల్లో నాలుగో స్థానంలో ఉన్న విలువను పట్టుకుని, మూడేళ్లకు సగటు కడతారు. 2015లో కేంద్రం పరిమితిని వంద కోట్ల పాళ్లలో 70కి బిగించింది. ఆ పరిమితి దాటిన ప్రాంతాల జాబితాలో నార్త్ కరోలినా కౌంటీ ఒక్కటీ లేదు. అయినా ఓజోన్‌తోనే ఫైలు ముగియదు. సూక్ష్మ ధూళి, నైట్రోజన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ వంటి ఒక్కో ప్రమాణం దగ్గరా ఆగి ఇక్కడ అడ్డు రాదని చూపాలి. సీసం, సల్ఫర్ డయాక్సైడ్‌కు ఈ పరీక్షతో సంబంధం లేదన్న సంగతిని కూడా చెప్పే వదలాలి.

ఇంకో చిక్కుముడి ఉంది. నైట్రోజన్ ఆక్సైడ్లు గాలివాటున పక్క రాష్ట్రాలకు పోతున్నాయని 1998లో ఈపీఏ తూర్పు రాష్ట్రాలకు పరిమితులు విధించింది. పరీక్షలను విస్తరించడం వల్ల తగ్గే టన్నులను నార్త్ కరోలినా ఆ ఖాతాలో జమగా చూపుకుంది. పరీక్ష పోతే ఆ జమ కూడా కొట్టేయాలి కదా. జమ కొట్టేశాక ఖాతా అప్పులో పడదని చూపితేనే ముడి వీడుతుంది. విద్యుత్ కేంద్రాల ఉద్గారాలు పరిమితికి ఎంతో కిందికి దిగి ఉండబట్టి ఖాతా నిలబడింది. ఎప్పుడో వాడుకున్న జమను గుర్తుపెట్టుకుని మరీ వెనక్కి కట్టడం పద్దు రాసేవాళ్లకు ఉండాల్సిన నిజాయితీ.

కౌంటీల ఎంపికలోనూ చేతివాటం లేదు. షార్లట్ ప్రాంతం 2008 నాటి ఓజోన్ ప్రమాణాన్ని దాటి 2015లోనే బయటపడింది. ఆ ప్రాంతంలోని మెక్లెన్‌బర్గ్, కెబారస్, గాస్టన్, ఐర్‌డెల్, లింకన్, రోవన్, యూనియన్ ఏడూ పరీక్ష జాబితాలోనే ఉండిపోయాయి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే కేరీ, మోరిస్‌విల్ పట్టణాలున్న వేక్ కౌంటీ కూడా ఉండిపోయింది. దాని పక్కనున్న డర్హమ్ ఉంది, డర్హమ్ పక్కనే విశ్వవిద్యాలయం ఉన్న చాపెల్ హిల్ పట్టణం గల ఆరెంజ్ కౌంటీ పోయింది. వేక్‌కు ఆనుకున్న చాథమ్, హార్నెట్ కూడా పోయాయి.

పని పలచబడినది ఈ సరిహద్దుల దగ్గరే. పరీక్ష కారు రిజిస్టరైన చిరునామాను చూస్తుంది. చాథమ్‌లో నిద్రలేచిన కారు వేక్ రోడ్ల మీద పగలంతా తిరిగి రావచ్చు. వదిలేసిన కౌంటీల్లో పరీక్షలేని కార్లు ఏ రోడ్డు మీద పొగ వదులుతాయో కౌంటీ పట్టిక పూర్తిగా పట్టలేదు. మరో లోటు, కౌంటీ మొత్తాలను లెక్కగట్టే పద్ధతిలో వీధి స్థాయి బాధ కనబడదు. పాడైన కన్వర్టర్ బాగుచేయించుకునే స్తోమత లేని ఇంటి కారు ఆ ఇంటి పిల్లలు ఆడుకునే వీధిలోనే ఎక్కువగా తిరుగుతుంది. ఈ రెండూ ప్రమాణాలతో కొలిచే పద్ధతికే ఉన్న హద్దులు. పట్టిక రాసినవాళ్ల నేర్పు వాటిని దాటించలేదు.

ఇదే దారిలో టెనెసీ రాష్ట్రం కూడా నడిచింది. 2018లో చట్టం చేసి, ఈపీఏ ఆమోదం దక్కేదాకా ఆగి, 2022 జనవరిలో అయిదు కౌంటీల్లో పరీక్ష ముగించింది. ఎత్తేయాలన్న నిర్ణయానికీ ఎత్తేసిన రోజుకూ మధ్య మూడేళ్ల పైచిలుకు పట్టింది. ఆలస్యమని విసుక్కునేవాళ్లుంటారు. ఆ కాలంలో లెక్క వేశారు, ముసాయిదా ప్రకటించారు, ప్రజల అభ్యంతరాలు తీసుకున్నారు, వాటికి రాతలో జవాబు చెప్పారు. ఏ ఒక్కటి తప్పించినా ఆ ఫైలు కోర్టులో నిలిచేది కాదు.

నార్త్ కరోలినా తర్వాత జాబితాను మరింత కుదించి 19కి తెచ్చుకుంది. 2023లో బడ్జెట్ చట్టంలో ఇంకో అడుగు వేసి, మెక్లెన్‌బర్గ్ ఒక్కటి తప్ప మిగతా 18నీ తీసేయాలని రాసుకుంది. ఈసారీ ఈపీఏ ఆమోదం వచ్చాకే అన్న షరతు పెట్టుకుంది. అప్పట్లో తేలికైన కౌంటీలను వదిలారు. ఈసారి తీసేయాలన్న జాబితాలో ఉన్నవి మెక్లెన్‌బర్గ్ పోగా షార్లట్ ప్రాంతపు ఆరూ, వేక్, డర్హమ్ లాంటి పెద్దవీ. 2018 ఫైలును ఆదర్శంగా చూపేవాళ్లు ఒక సంగతి మరచిపోకూడదు. అది నెగ్గింది తీసేయాలన్న కోరిక బలంగా ఉండటం వల్ల కాదు, తీసిన ప్రతి టన్నుకూ వేరేచోట ఆధారం చూపగలిగింది కాబట్టి. అంత ఆధారం కొత్త కౌంటీలకు దొరికితే తీసేయవచ్చు. దొరకకపోతే ఏటా 16 డాలర్ల 40 సెంట్లు కడుతూ ఉండటమే న్యాయం.