నవ్వు దిగేదాకా ఆగాలి

మోలియేర్ రాసిన పిసినారి నాటకంలో హార్పగాన్‌కి దగ్గు ఉంటుంది. ముసలివాడు కదా అని చదివేవాళ్లు దాటిపోతారు. కానీ 1668లో ఆ వేషం కట్టింది మోలియేరే. అప్పటికే ఆయనకు ఛాతీ జబ్బు. స్టేజీ మీద దాచుకోలేని దగ్గును పాత్రకే ఇచ్చేశాడు. నౌకరు వేషం వేసిన లూయీ బెజార్‌కు కాలు కుంటి. దాన్ని ఎత్తి తిట్టే మాట కూడా హార్పగాన్ నోట పెట్టాడు. రాసేవాడే వేసేవాడు కూడా అయితే నాటకం ఇలా తయారవుతుంది. ఎవరికి ఏ గొంతు ఉంది, ఎవరి నడక ఎలాంటిది, ఎవరికి ఎంత ఊపిరి ఆగుతుంది అన్నీ తెలిసి రాస్తాడు.

కార్ఖానా ప్రాంతంలో మా మేడ మీద, ఆఫీసుల నుంచి వచ్చాక కొందరం కలిసి ఈ నాటకాన్ని తెలుగు చేసుకుని రిహార్సల్ వేస్తున్నాం. డబ్బు పెట్టె పోయిన ఘట్టం నాది. దొంగ కోసం పిచ్చెత్తినట్టు తిరుగుతూ హార్పగాన్ ఒక చెయ్యి గట్టిగా పట్టుకుంటాడు. తీరా చూస్తే అది తన చెయ్యే. కాగితం మీద ఇంతే. వేసేటప్పుడు మాత్రం దొంగ దొరికాడన్న ఆనందం ముందు ముఖంలోకి రావాలి. చెయ్యి ఎవరిదో తెలియడం ఆ తర్వాత. రెండూ ఒకేసారి వచ్చాయా, జనం నవ్వరు. నవ్వారనుకోండి, అప్పుడు ఆగాలి. నవ్వు దిగకముందే తర్వాతి మాట అనేస్తే అది ఎవరికీ వినపడదు. ఇంకోసారి మాట పోతుందేమోనని వాళ్లు నవ్వు ఆపుకుంటారు. ఎంతసేపు ఆగాలో ఏ పుస్తకమూ చెప్పదు, ఆ పూట వచ్చిన జనమే చెబుతారు.

మోలియేర్ కూడా జనం దగ్గరే నేర్చుకున్నాడు. తండ్రిది రాజుగారి ఇంటికి పరుపులు, తెరలు, కుర్చీల గుడ్డలు సమకూర్చే పని. ఆ కొలువు వదులుకుని 1643లో నాటక బృందం పెట్టాడు. అప్పులపాలై 1645లో జైలుకు వెళ్లాడు. తర్వాత పన్నెండు పదమూడేళ్లు పల్లెలు, పట్నాలు తిరిగి ఆడాడు. 1658 అక్టోబరు 24న పద్నాలుగో లూయీ ముందు కొర్నేయ్ రాసిన గంభీర నాటకం వేస్తే చప్పగా పోయింది. చివర్లో అనుమతి అడిగి ఒక చిన్న ప్రహసనం వేశాడు. రాజు నవ్వాడు, బృందం పారిస్‌లో నిలిచింది.

ఆ పిసినారి కథకు మూలం రోమన్ నాటకకర్త ప్లాటస్‌ది. తీసుకున్నాడని మోలియేర్‌ని తక్కువ చేయలేం, అక్కడి మనిషిని తన వీధిలో నిలబెట్టాడు. మన హాస్యబ్రహ్మ భమిడిపాటి కామేశ్వరరావు (1897–1958) గారు చేసిందీ అదే. రాజమండ్రిలో బడిలో పాఠాలు చెప్పుకుంటూ మోలియేర్ నాటకాలను తెలుగువాళ్ల ఇళ్లల్లోకి తెచ్చారు. ఇంత మంచి పనిని మనం దాదాపు మర్చిపోయాం. రాస్తూ వేసేవాళ్లు మనకు లేకపోలేదు. నాటకాల్లోంచి వచ్చిన తనికెళ్ల భరణి గారు 'శివ' (1989)కి మాటలు రాసి, నానాజీ వేషం కూడా కట్టారు. అయినా మన పరిషత్తుల్లో కన్నీళ్లు పెట్టించే నాటికకు ఉన్న గౌరవం నవ్వించే నాటికకు దక్కడం లేదు. నాకు ఇది అన్యాయంగానే తోస్తుంది.

1673 ఫిబ్రవరి 17న, లేని జబ్బు ఉందనుకునే మనిషి వేషంలో, నిజంగా జబ్బు పడ్డ మోలియేర్ స్టేజీ ఎక్కాడు. వద్దన్నవాళ్లతో, ఆట ఆపితే పనివాళ్లకు ఆ రోజు కూలి పోతుందని అన్నాడట. ఆట మధ్యలో వణుకు వచ్చినా చివరిదాకా ఆడాడు. ఆ రాత్రే ఇంట్లో పోయాడు. నటులకు మతాచారం ప్రకారం అంత్యక్రియలు చేయనంది చర్చి. భార్య రాజును వేడుకుంటే రాత్రిపూట పాతిపెట్టడానికి ఒప్పుకున్నారు.

మీ కాలనీ వార్షికోత్సవానికో, ఆఫీసు వేడుకకో నాటిక వెయ్యాలనుకుంటే ఈసారి భమిడిపాటి వారి పుస్తకం తియ్యండి. మనసులో చదువుకుని పక్కన పెట్టకండి. నలుగురూ కూర్చుని, పాత్రలు పంచుకుని, పైకి చదవండి.